రెండు బల్లల మధ్య జానెడు సందు

తలుపు దగ్గర

మా ఊరి నుంచి బహ్రెయిన్ పోయే పిల్లలు ఈమధ్య బయలుదేరే ముందు నా దగ్గరికి వచ్చి కూర్చుంటున్నారు. కోరుట్ల పక్కన పల్లె మాది. ఇక్కడ ఎవరు ఏ గల్ఫు దేశం పోయినా దుబాయి పోయారనే అంటారు కాబట్టి, దుబాయి ముఖం చూడని నేను కూడా దుబాయి రాజన్ననే. ఒకప్పుడు అందరూ ఇటుకలు మోయడానికే పోయేవాళ్ళు. ఇప్పుడు హోటళ్ళలో పనికి పోతున్నారు.

"కాకా, హోటల్ పని అల్కగనే ఉంటదట గదా. ఏసీల నిలవడి ప్లేట్లు అందిచ్చుడే గదా" అంటారు.

"అవు బిడ్డా, అల్కనే. పోయి సూడు" అంటాను నేను. నాకు వెటకారం కొంచెం ఎక్కువ. పోయేవాడికి పనికొచ్చే ముక్క ఒక్కటైనా చెప్పకుండా పంపుతావేమని మా ఆవిడ నా మీద లేచింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఏ పదవి ఎప్పుడొచ్చింది అనేవి ఇందులో ఉండవు. అవి నాకు తప్ప ఎవరికీ అక్కర్లేదు.

నేను పనిచేసింది బహ్రెయిన్‌లోని జుఫేర్‌లో, అమెరికా వాళ్ళు ఎక్కువగా తిరిగే వీధిలో, పంది మాంసం వండే ఒక హోటల్లో. ముఖం చిట్లించుకునేవాళ్ళు చిట్లించుకోండి, నేనూ మొదట చిట్లించుకున్నవాడినే. అది కేజన్ వంట. అమెరికాలో లూసియానా అని ఒక చిత్తడి ప్రాంతం ఉంది. అక్కడి పల్లెజనం తిండి అది. హోటలు కూడా పల్లెటూరి కొట్టంలాగే ఉండేది. గోడలకు పాత చెక్కలు, పైన రేకులు, మూలన పీతలు పట్టే బుట్టలు. బల్లల మీద గుడ్డకు బదులు దళసరి కాగితం పరిచేవాళ్ళం. పింగాణీ పూత ఊడిన రేకు ప్లేట్లలో వడ్డించేవాళ్ళం. మొదటిసారి చూసి, పాపం డబ్బుల్లేక ఇట్లా పెట్టారేమో అనుకున్నాను. కావాలనే ఇలా పెడతారని తెలిసి బిత్తరపోయాను.

యజమాని డెల్లా మేడం లూసియానా మనిషే. మనిషి దిట్టం, గొంతు ఇంకా దిట్టం. ఆమె నాకు నేర్పిన మొదటి పని ప్లేటు పట్టుకోవడం కాదు, తలుపు దగ్గర నిలబడి ఒక మాట చెప్పడం. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా సరే, కుర్చీ లాగక ముందే చెప్పాలి. "అయ్యా, ఇది పంది మాంసం వండే ఇల్లు. తెలిసే వచ్చారా?"

అది ముస్లింల దేశం. వీధి వైపు బోర్డు మీద పంది బొమ్మ కూడా వేయించలేదు ఆమె. తినేవాళ్ళు తింటారు, తిననివాళ్ళ కళ్ళలో పొడవడం ఎందుకు అనేది. తలుపు దగ్గర నా మాట విని కొందరు థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగేవాళ్ళు. ఒకసారి హైదరాబాదు ఇంజినీరు ఒకాయన వాళ్ళ అమ్మను తీసుకొచ్చాడు. నేను తెలుగులో చెప్పేసరికి ఆ పెద్దావిడ నా రెండు చేతులూ పట్టుకుని, "నాయనా, నీ కడుపు చల్లగుండ" అని దీవించి వెళ్ళిపోయింది. బేరం పోయింది కదా, మేడం ఏమంటుందోనని బెదిరాను.

"కుండలో ఏముందో తినేవాడికి తెలియాలి రాజన్. ఇంకేం తెలియకపోయినా ఫరవాలేదు" అంది మేడం.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దీని మీదే నడుస్తుంది.

పామును పట్టుకున్నట్టు

నేను ముందు కట్టుబడి పనికే వెళ్ళాను. ఆ కంపెనీ పని ఖలాస్ అయ్యాక నాకు వీసా ఇచ్చిన అరబ్బు, మా కఫీల్, పిలిచి, ఒక హోటల్లో మనిషి కావాలట పోతావా అన్నాడు. ఏం హోటలో అడగకుండానే తల ఊపాను. మా ఇంట్లో పంది మాంసం తినరు. మా ఊళ్ళో తినేవాళ్ళను చూసి పక్కకు జరగడం నాకు చిన్నప్పటి నుంచే అలవాటు చేశారు. మొదటివారం ప్లేటును ఒంటికి దూరంగా, పామును తోకపట్టుకుని మోస్తున్నట్టు మోసేవాడిని. క్యాంపులో మా గదివాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. నేను స్నానం చేసి వస్తే తప్ప నీళ్ళ క్యాను ముట్టనిచ్చేవాళ్ళు కాదు.

మేడం ఒకరోజు పక్కకు పిలిచింది. "నువ్వు తినక్కర్లేదు. ఇష్టం లేదని చెప్పు, ఎవరూ బలవంతం చేయరు. కానీ అలా మోస్తే తినేవాడికి తను ఏదో తప్పు పని చేస్తున్నట్టు ఉంటుంది. ఆకలితో వచ్చినవాడికి సిగ్గు వడ్డించకు."

ఆ రోజు నుంచి ప్లేటు గుండెలకు దగ్గరగా పట్టుకోవడం నేర్చుకున్నాను. వడ్డించే పనిలోకి వచ్చే పిల్లలకు ఇంతకంటే పెద్ద పాఠం నేను చెప్పలేను. తరవాత రుచి కూడా చూశాను, నాకు నచ్చింది కూడా. ఆ సంగతి మా ఆవిడ ఇది చదివాకే తెలుసుకుంటుంది.

ఆ హోటల్లో అందరూ ఎగబడేది బూడాన్ అనే వంటకానికి. పంది మాంసం, కొంచెం కాలేయం, ఉల్లికాడలు, మిరియాలు వేసి మెత్తగా ఉడికించి, అన్నంతో కలిపి, శుభ్రం చేసిన సన్నపేగులో కూరి ఆవిరి మీద పెడతారు. తినేవాళ్ళు పేగు చీల్చి లోపలి ముద్ద తింటారు. అన్నం ఉంది కాబట్టి మనవాళ్ళ వంటే అనిపిస్తుంది.

శుక్రవారం బల్ల

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక పాత పికప్ బండి ఒకటి వచ్చి మా వాకిట్లో ఆగేది. తోలుకొచ్చేది హాజీ యూసుఫ్. కర్జకాన్ పల్లెలో ఉంటారు, కాళ్ళ దాకా ఉండే తెల్ల తోబు వేసుకుని, గడ్డం నీటుగా దువ్వుకుని వచ్చేవారు. పక్క సీట్లోంచి దిగేది క్లోవిస్ సారు. లూసియానాలో పుట్టిన కేజన్ మనిషి, చమురు పనికి కుర్రతనంలో వచ్చి, చమురు కంపెనీ కట్టిన అవాలి ఊళ్ళోనే ఉండిపోయారు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇద్దరూ బావుల దగ్గర ఒకే జట్టులో పనిచేశారు. ఇద్దరివీ ఇప్పుడు తెల్లజుట్లే.

హాజీ మా హోటల్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. ఐదుపూటలా నమాజు చేసే మనిషి, మరి ఎలా ముడతారు? అయినా స్నేహితుడిని ఒంటరిగా కూర్చోబెట్టి పోవడం ఆయనకు ఇష్టం లేదు. అందుకని మేడం ఒక ఏర్పాటు చేసింది. బయట పందిరి కింద క్లోవిస్ సారుకు ఒక బల్ల. దాని పక్కనే హాజీకి ఇంకో చిన్న బల్ల. దాని మీద మా హోటలు వస్తువు ఒక్కటి ఎప్పుడూ పెట్టలేదు. రెండింటి మధ్య జానెడు సందు. ఆ సందు కొలిచి వేయడం నా డ్యూటీ. హాజీ తన ఫ్లాస్కు, తన గ్లాసు, తన ఖర్జూరాలు తన బల్ల మీద పెట్టుకునేవారు. క్లోవిస్ సారుకు బీరంటే ప్రాణం, కానీ శుక్రవారం మాత్రం అడిగేవారు కాదు. చల్లటి టీ తెప్పించుకుని, "ఈరోజు డ్రైవరుతో వచ్చాను" అని నాకు కన్ను గీటేవారు.

సందుకు అటు ఒకరు, ఇటు ఒకరు. గంటలకొద్దీ మాటలు.

క్లోవిస్ సారు చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో చలికాలం పందిని కోసే రోజు ఊరంతా పోగయ్యేదట. ఒకరు కోయడం, ఒకరు కడగడం, ఆడవాళ్ళు పొయ్యిల దగ్గర, సాయంత్రానికి ఎవరి వాటా వాళ్ళు పట్టుకుపోవడం. మా ఊళ్ళో మేకను కోసినప్పుడు మోదుగ ఆకుల మీద పోగులు వేస్తామని నేను చెబితే ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. హాజీ భుజం మీద చరిచి, "చూశావా, రాజన్ మా ఊరివాడే" అన్నారు. వాళ్ళ అమ్మ ఆ రోజు మొదటి బూడాన్ ముక్క వేడివేడిగా ఈయన నోట్లో పెట్టేదట. మిరియాల ఘాటుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవట.

అందుకే ప్రతి శుక్రవారం మొదటి ముద్ద తినగానే ఆయన తీర్పు ఒకటే. "మిరియాలు తక్కువ. మా అమ్మ అయితే ఇంకో గుప్పెడు వేసేది."

వంటింట్లో ఉండే సత్తిబాబుకు ఈ మాట కారం పూసినట్టుండేది. సత్తిబాబుది రాజోలు వైపు. మేడం దగ్గర నేర్చుకుని ఆమెనే మించిన వంటవాడయ్యాడు. "కారం తక్కువని నన్నంటారా అండీ? గోదారోడినండీ నేను!" అని ఊగిపోయేవాడు. పై వారం ఇంకాస్త వేసేవాడు. పక్క బల్లవాళ్ళకు ముక్కులు కారేవి. క్లోవిస్ సారు మాత్రం నెమ్మదిగా నమిలి, "మిరియాలు తక్కువ" అనేవారు.

ఆయన బాగుందని అన్న పాపాన పోలేదు. ఆ తిట్టు వినడానికే సత్తిబాబు శుక్రవారం సెలవు పెట్టేవాడు కాదని నాకు తరవాత అర్థమైంది.

పార్సిల్

ఒక శుక్రవారం పికప్ వచ్చింది గానీ పక్క సీటు ఖాళీ. నేను అలవాటుగా బల్లలు సర్దుతున్నాను.

"బల్లలు వద్దు రాజన్" అన్నారు హాజీ. ఆయన నాతో హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడేవారు. "క్లోవిస్ ఈ వారమంతా సల్మానియా ఆసుపత్రిలో ఉన్నాడు, నిన్న ఇంటికి తెచ్చాను. కడుపులో జబ్బు తగ్గింది. తింటే లేస్తాడు అన్నాడు డాక్టరు. ఏది తింటానంటే అది పెట్టమన్నాడు. కానీ వాడు ఏదీ ముట్టడం లేదు. నిన్న మాత్రం బూడాన్ అన్నాడు. తెస్తానని మాటిచ్చాను."

నేను కంగారు పడ్డాను. "హాజీ, మీరెందుకు? డ్యూటీ కాంగనే నేనే తెస్త."

"లేదు భాయ్. తెస్తానన్నది నేను." ఆయన బండి తలుపుకు ఆనుకున్నారు. "నేను కొత్తగా పనిలో చేరినప్పుడు వాడు మా ఇంట్లోనే తినేవాడు. మా అమ్మ మచ్‌బూస్, అంటే మా చేపల పులావు, వండి, ముల్లు తీసి, అన్నంలో కలిపి వాడి నోట్లో పెట్టేది. మా ఇంటి తిండి వాడు ఇన్నేళ్ళు తిన్నాడు. వాడి తిండి నేను ఒక్కసారి కూడా అందివ్వలేదు."

నేను లోపలికి వెళ్ళి సత్తిబాబుకు చెప్పాను. అతను ఒక్క క్షణం చేతిలో గరిట ఆపి, సరేనండీ అన్నాడు. హాజీ బండి సీటు మీద ప్లాస్టిక్ కాగితం పరిచారు. పార్సిల్ సంచిని రుమాలుతో పట్టుకుని, చంటిపిల్లను పడుకోబెట్టినంత జాగ్రత్తగా దాని మీద పెట్టారు. ఆ ముఖంలో ఏవగింపు లేదు, భయం ఉంది. నిజం చెప్తున్నాను, నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ వారం మధ్యలో ఒక మధ్యాహ్నం ఆయన మళ్ళీ వచ్చారు. పందిరి కింద కూలబడినట్టు కూర్చున్నారు.

"తిన్నాడా హాజీ?"

"ఒక ముద్ద తిన్నాడు. నా వైపు చూసి, బాగుంది యూసుఫ్ అన్నాడు."

బాగుంది అన్నారా? క్లోవిస్ సారు నోట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు.

"తరవాత చెంచా పక్కన పెట్టేశాడు" అన్నారు హాజీ. "నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పాడు. నాలుక చచ్చిపోయింది యూసుఫ్, మా అమ్మ చేసిన తిండి కూడా తెలియడం లేదు, ఇక ఏం తిని ఏం లాభం అన్నాడు. అంతే, నోరు కట్టేసుకున్నాడు. ఆ రోజు నుంచి నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఇలాగే ఉంటే మనిషి దక్కడన్నాడు డాక్టరు."

చేతులు కడుక్కోవచ్చు

నేను తిన్నగా వంటింట్లోకి పోయాను.

"సత్తిబాబూ, ఆ దినం హాజీకి ఏం కట్టిచ్చినవ్?"

అతను తల ఎత్తలేదు. కత్తిపీట మీద ఉల్లికాడలు తరుగుతూనే ఉన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వంటింట్లో మనవాళ్ళం కొందరం ఉండేవాళ్ళం. ఇంట్లో తెలిస్తే ఊరుకోరని ఒకరు, వాసన పడదని ఒకరు, పంది మాంసం అసలే ముట్టమని ఒకరు. మా భోజనాల కోసం సత్తిబాబు కోడి మాంసాన్ని మేకపేగులో కూరి ఒక బూడాన్ కనిపెట్టాడు. మామిడికాయ పచ్చడి నంజుకుని తినేవాళ్ళం. చూడటానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి, తింటే మాత్రం సంబంధం లేదు.

"కోడిది ఇచ్చానండీ" అన్నాడు ఎట్టకేలకు. "అంత పెద్దాయనండీ, మక్కా ఎళ్ళొచ్చిన మనిషండీ. ఆయన చేత అది మోయిస్తే మనకు పాపం కదండీ రాజన్నగారూ? ఆ జబ్బుమనిషికి ఏం తెలుస్తుందిలే అనుకున్నానండీ. ఇద్దరికీ మంచిదే కదా అనుకున్నానండీ."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నీ మంచితనం మన్నుగాను! ఆయినె నాలికె సచ్చిపోయిందని తిండి ఇడిసిపెట్టిండ్రా! మిరియాలు తక్కువన్న మనిషి, బాగుందన్నడట! గిప్పుడన్న సమజైందా?"

సత్తిబాబు కత్తిపీట పక్కకు నెట్టి, నేల మీద చతికిలబడి ఏడ్చాడు. అంత లావు మనిషి వెక్కివెక్కి ఏడుస్తుంటే నాకు ఇంకేం తిట్టాలో తోచలేదు. మేడం గొడవ విని వచ్చింది. నేను అరుస్తుందనుకున్నాను. ఆమె పొయ్యి ఆపి, ఒక బకెట్టు బోర్లించుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"నువ్వు చెడ్డ పని చేయాలని చేయలేదు. అది నాకు తెలుసు" అంది. "కానీ కుండలో ఏముందో ఇద్దరికీ చెప్పలేదు. మోసినవాడికీ చెప్పలేదు, తిన్నవాడికీ చెప్పలేదు. రాజన్, వెళ్ళి హాజీకి చెప్పు."

చెప్పడం అంత తేలికా? పందిరి కిందికి నడుస్తూ లెక్కలు వేసుకున్నాను. మమ్మల్ని మోసం చేశారని హాజీ లేచిపోవచ్చు. అంతకంటే ఇంకో భయం ఉంది. మోసింది అది కాదని తెలిసి హమ్మయ్య అనుకుని, ఇక నన్ను ఇందులోకి లాగకండి అనొచ్చు. అప్పుడు అవాలిలో ఆ ముసలాయన ఎవరి చేతి ముద్ద తింటారు?

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

 "అంటే, నేను మోసింది కోడా?" అన్నారు హాజీ.

"అవును హాజీ."

"ఆ రోజు బండి కడిగాను. సీటు కడిగాను. మోచేతుల దాకా చేతులు కడిగి, బట్టలు మార్చి నమాజుకు నిలబడ్డాను. కోడి కోసమా?"

నేను తల దించుకున్నాను. ఆయన భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది.

"మీ వాడు నా గురించి ఆలోచించాడు. అల్లా వాడికి మేలు చేయనీ" అన్నారు. "కానీ విను భాయ్. చేతికి అంటింది నీళ్ళతో కడుక్కోవచ్చు, పోతుంది. క్లోవిస్ నోరు కట్టుకుని పోతే, అది నేను దేనితో కడుక్కోను?"



"యల్లా, కదులు" అని లేచారు హాజీ. "వాడు తినేదే చేయమను. నేను ఇక్కడే ఉంటాను."

ఇది చదివే పిల్లలకు ఒక మాట. సత్తిబాబు లాంటి మంచివాడిని నేను ఆ దేశంలో ఇంకొకరిని చూడలేదు. అయినా అతను చేసింది తప్పే. ఎదుటివాడి మడిని మనం మోయాలనుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎవరి గీత ఎక్కడుందో, దాన్ని ఎప్పుడు దాటాలో వాళ్ళకే వదిలేయాలి. మనం అడగాలి, చెప్పాలి, అంతవరకే.

అవాలి

మేడం నన్ను కూడా హాజీతో పొమ్మంది. పార్సిల్ మా ఇద్దరి మధ్య సీటు మీద ఉంది. ఈసారి ప్లాస్టిక్ కాగితం లేదు, తొందరలో ఆయన మరిచిపోయారు. ఎడారిలో తలలూపే చమురు పంపులు దాటుకుంటూ అవాలి చేరాం. 

తలుపు తీసింది మంగమ్మ. కాకినాడ వైపు మనిషి, ఆ ఇంట్లో పనిచేస్తుంది, నాకు ముందే తెలుసు. "రండి రాజన్నగారూ, మీరైనా చెప్పండి బాబూ. జావ కాచానండీ, పళ్ళ రసం తీశానండీ, పెదవి ఇప్పట్లేదండీ" అంది కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

క్లోవిస్ సారు దిండుకు ఆనుకుని ఉన్నారు. మనిషి సగమైపోయారు. నన్ను చూసి నవ్వబోయారు, ఆ నవ్వు సగంలోనే ఆగింది. హాజీ మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పారు. ఆ రోజుది కోడి అని, నీ నాలుక తప్పేం లేదని, వంటవాడు చేసిన పిచ్చిపని అని. క్లోవిస్ సారు నమ్మలేదు.

"నన్ను ఓదార్చడానికి మంచి కథే అల్లావు యూసుఫ్" అని ముఖం గోడవైపు తిప్పుకున్నారు.

నేను పార్సిల్ విప్పి ప్లేటులో పెట్టాను. పేగు చీల్చాను. ఆవిరి, మిరియాల వాసన గదంతా నిండింది. చెంచాతో కొంచెం తీసి పెదవుల దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కదల్లేదు.

"జరుగు రాజన్" అన్నారు హాజీ.

ఆయన తోబు చేతిని మోచేయి పైకి మడిచారు. నా చేతిలో చెంచా తీసి పక్కన పెట్టేశారు. ఉత్త చేత్తో ఆ ముద్దను తీసుకుని, వేళ్ళతో చిన్నగా ఉండ చేశారు. వాళ్ళ అమ్మ మచ్‌బూస్ ముద్ద ఎలా చేసేదో అలాగే చేసి ఉంటారు. నెయ్యిలా కారే ఆ కొవ్వు ఆయన వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదికి దిగింది. 

"క్లోవిస్, ఇటు చూడు" అన్నారు.

క్లోవిస్ సారు తిరిగి చూశారు. తిండి వైపు కాదు, ఆ చేతి వైపు చూశారు. ఇన్నేళ్ళూ ఆ చేయి తన బల్ల అంచును కూడా తాకలేదని ఆయనకు తెలియదా? ఆయన కళ్ళు నిండిపోయాయి. నోరు తెరిచారు.

నమిలారు. కళ్ళు మూసుకుని ఇంకా నమిలారు.  మంగమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. సారు మింగి, కళ్ళు తెరిచి, నా వైపు కోపంగా చూశారు.

"మిరియాలు తక్కువ. వాడికి ఎన్నిసార్లు చెప్పాలి?"

హాజీ అరబ్బీలో ఏమేమో తిట్టారు. తిడుతూనే రెండో ముద్ద పెట్టారు. ఆ ప్లేటు ఖాళీ అయ్యేదాకా ఒకరు తిట్టడం, ఒకరు తినడం. నేను, మంగమ్మ సిగ్గు లేకుండా ఏడ్చాం.

అయ్యాక హాజీ చేయి పైకి పట్టుకుని నా వైపు చూశారు. ఆ చేత్తో కుళాయి తిప్పడం ఆయనకు ఇష్టం లేదు. నేను జగ్గుతో నీళ్ళు పోశాను. ఆయన సబ్బు రాసుకుని మోచేయి దాకా కడుక్కున్నారు. ముఖంలో భయం లేదు. పనైపోయిన మనిషి చేతులు కడుక్కున్నట్టే కడుక్కున్నారు.

వాకిట్లోకి వచ్చి సత్తిబాబుకు ఫోను చేశాను.

"ఏమన్నారండీ?" అన్నాడు. గొంతు పీలగా ఉంది.

"ఏమంటడు? మిరియాలు తక్కువన్నడు."

 అవతల నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

మళ్ళీ శుక్రవారం

క్లోవిస్ సారు లేచి తిరగడానికి కొంతకాలం పట్టింది. ఈలోగా హాజీ వచ్చి పార్సిల్ తీసుకెళ్ళేవారు, తన చేత్తోనే. చివరికి ఒక శుక్రవారం పికప్‌లోంచి ఇద్దరూ దిగారు. క్లోవిస్ సారు చేతిలో కర్ర ఉంది. మేడం పరుగెత్తుకెళ్ళి ఆయన్ని వాటేసుకుంది.

నాకు ఉత్సాహం పట్టలేదు. ఇంత జరిగాక ఇంకా సందేమిటి అనుకున్నాను. రెండు బల్లలూ అంచుకు అంచు కలిపి వేశాను.

హాజీ వచ్చి చూశారు. తన బల్ల అంచు పట్టుకుని వెనక్కి లాగారు. సరిగ్గా జానెడు.

"ఎక్కడిది అక్కడే ఉండనీ రాజన్" అన్నారు నవ్వుతూ. "ఆ రోజు నా స్నేహితుడు మంచం మీద ఉన్నాడు. ఈ రోజు వాడి చేయి వాడికి ఉంది."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. సత్తిబాబును అన్ని తిట్లు తిట్టి, వాడు చేసిన పనే నేనూ చేశాను. హాజీ ఫ్లాస్కు తీసి తన బల్ల మీద పెట్టుకున్నారు. గ్లాసు, ఖర్జూరాలు పెట్టుకున్నారు. క్లోవిస్ సారు చల్లటి టీ తెప్పించుకున్నారు. నేను ప్లేటు గుండెలకు దగ్గరగా పట్టుకుని తెచ్చి పెట్టాను. ఆయన పేగు చీల్చి, ముద్ద తీసి, నోట్లో పెట్టుకుని, నెమ్మదిగా నమిలారు. తరవాత వంటింటి వైపు తిరిగి నోరు తెరవబోయారు.

కిటికీలోంచి సత్తిబాబు గొంతు ముందే వినిపించింది.

"తెలుసండీ బాబూ, తెలుసు! ఇంకో గుప్పెడు!"